మరిచిపోయిన కుట్టు

ఆమెకు అన్నిటికన్నా పెద్ద భయం ఒకటే. తన చేత్తో దాచి, ఎక్కడ దాచిందో మరిచిపోయిన నొప్పి మాత్ర ఒకటి ఇంట్లో ఉంది. అది తనకంటే ముందు పాపకి దొరుకుతుంది. దొరికిన మరుక్షణం నోట్లోకి వెళుతుంది, ఎందుకంటే పది నెలల పిల్లకి చేతికి అందిన ప్రతిదీ నోటి కోసమే పుట్టింది, చెప్పు, తాళంచెవి, వాళ్ళ నాన్న బొటనవేలు, ఏదైనా సరే.

ఇప్పుడు పడక గంట. బోర్డు మీద దానికి ఇంగ్లీషులో ఏదో పొడుగాటి పేరుంది, పెద్ద సిస్టరు మాత్రం పడక గంట అనే అంటుంది. ఫోన్లన్నీ గుడ్డ సంచిలో వేయించి, ఆ సంచిని తన కుర్చీకి తగిలించుకుని, లైట్లు ఆర్పుతుంది. పొద్దున గుండ్రంగా కూర్చుని మాట్లాడుకోవడం అయిపోయింది, చేదు సిరప్ తాగడం అయిపోయింది, ఇక వాలుకుర్చీల్లో నీలం దుప్పట్లు కప్పుకుని కళ్ళు మూసుకోవాలి, ఆ తర్వాత ముఖం కడుక్కుని, తల దువ్వుకుని, ఏమీ ఎరగనట్టు ఎవరి ఉద్యోగానికి వాళ్ళు వెళ్ళాలి. అందుకే మత్తు మానిపించే ఈ చోట దీన్ని ఉద్యోగస్తుల బ్యాచ్ అంటారు. కింద కళ్ళజోళ్ళ షాపు ఉంది కాబట్టి మెట్లెక్కుతుంటే ఎవరైనా చూసినా కళ్ళ పరీక్షకి అనుకుంటారు. ఇక్కడ పేర్లు అడగరు, చేసే పనే పేరు. ఎడమ పక్క కుర్చీలో పళ్ళ డాక్టరు, అప్పుడే గురక. కుడి పక్క బ్యాంకాయన, మెడలో ఐడీ కార్డు తియ్యకుండానే పడుకుంటాడు, తీస్తే ఎవరో వచ్చి ఉద్యోగం పీకేస్తారన్నట్టు. ఆమె యూనిఫారాలు కుట్టే చోట కటింగ్ మాస్టరు కాబట్టి మాస్టరమ్మ. తొమ్మిదో తరగతిలోనే చదువు ఆపేశానండీ, మీ అందరి మధ్యా కూర్చోవాలంటే బెరుగ్గా ఉంది అని మొదటి రోజు అంటే, బ్యాంకాయన, "మేం అంతంత చదివి చెడ్డాం మాస్టరమ్మా, మీరు ఆ శ్రమ లేకుండానే వచ్చేశారు, మీరే నయం" అన్నాడు. ఆ రోజు నవ్వింది. నవ్వి ఇంటికెళ్ళి కర్టెన్ల అంచులు విప్పింది.

కర్టెన్ల అంచులు చూసింది, అయిపోయింది. దిండు గలీబుల పైపింగ్ విప్పి చూసింది, అక్కడ ఒకటి దొరికింది. గొడుగు కట్టే పట్టీలో ఒకటి. తన పాత కోటు భుజం దూదిలో రెండు, లేక మూడా, దొరికినవన్నీ బాత్రూంలో పోసి నీళ్ళు వదిలింది, వదిలిందా, వదిలింది, గుండ్రంగా తిరుగుతూ వెళ్ళిపోవడం గుర్తుంది. కానీ లెక్క కలవడం లేదు. మాత్రల షీటుని కత్తెరతో ముక్కలు ముక్కలుగా కత్తిరించడం గుర్తుంది, తర్వాత ఆ రేకు చప్పుడవుతోందని మాత్రల్ని ఊడబీకి ఒట్టివే కుట్టడం మొదలుపెట్టడం గుర్తుంది, ఎప్పటి నుంచి ఒట్టివి కుట్టిందో, ఎన్ని కుట్టిందో గుర్తులేదు. మిగతావాళ్ళు దాచుకునే చోట్లు వేరు. పళ్ళ డాక్టరు పుస్తకాల వెనక పెట్టాడట, బ్యాంకాయన కారు స్టెప్నీ టైరులో. వాళ్ళకి గుర్తుంటాయి, ఎందుకంటే దాచాలంటే వాళ్ళు లేవాలి, తలుపు తియ్యాలి, వంగాలి. ఆమెకి లేవాల్సిన పని లేదు. చిన్నప్పటి నుంచీ సూది పట్టిన చెయ్యి, దానికి బుర్రతో పని లేదు, బుర్ర మాత్ర మత్తులో తేలుతుంటే చెయ్యి తన మానాన తాను కుట్టుకుంటూ పోయింది, ముడి వేసింది, దారం తెంపింది, చేసిన పని బుర్రకి చెప్పలేదు. ఇప్పుడు ఆ చేతిని అడగాలి. ఏమే, ఎక్కడ పెట్టావే. దుప్పటి మీద చెయ్యి మాట్లాడదు, దుప్పటి అంచు తడుముతూ ఉంటుంది, ఓవర్‌లాక్ కుట్టు వదులుగా ఉంది, మూల దగ్గర దారం తేలిపోయింది, ఎవరు కుట్టారో గానీ చేతులు విరగ్గొట్టాలి.

చేతులు. ఆ రోజు తను కోసిన యూనిఫారం చొక్కాల చేతులు. గుడ్డని సీదా వైపు, అంటే పైకి కనిపించే వైపు, సీదాకి ఆనేలా ఎదురెదురుగా పరిస్తే ఒక కోతకి కుడీ ఎడమా రెండూ వస్తాయి, అది పనిలో చేరిన మొదటి వారం నేర్చుకునేది. ఆమె అంతా ఒకే వైపుగా పరిచి, కోత మిషన్ పెట్టి, దొంతర మొత్తం కోసేసింది. భుజం నొప్పి లేదు ఆ రోజు, కడుపు మీద కోత నొప్పి లేదు, ఏ నొప్పీ లేదు, మిషన్ వెన్నలో పోతున్నట్టు పోయింది. సాయంత్రం కుట్టేవాళ్ళు కట్టలు విప్పితే అన్నీ ఎడం చేతులే. ఓనరమ్మ ఒక చెయ్యి తీసి, ఇంకో చెయ్యి తీసి, దాని మీద ఇంకోటి పెట్టి, "అమ్మాయ్, ఇంతమంది ఎడం చేతుల మనుషుల్ని నేనెక్కడ పట్టుకురాను?" అంది. అందరూ పడీ పడీ నవ్వారు. ఆమె కూడా నవ్వింది, అందరూ ఆపేశాక కూడా నవ్వుతూనే ఉంది, అప్పుడు ఓనరమ్మ నవ్వు ఆపి ఆమె కళ్ళలోకి చూసింది. లోపలి గదికి పిలిచి, తలుపేసి, మా తమ్ముడి కళ్ళు కూడా ఇలాగే ఉండేవి, ఏం మింగుతున్నావ్ అని అడిగింది. ఏమీ లేదమ్మా, కాన్పుకి డాక్టరు రాసిన నొప్పి మాత్రలే. కాన్పై ఎన్నాళ్ళైంది. పాప పాకుతోందమ్మా. పాకుతోంది, డాక్టరు చీటీ ఇంకా పాకుతోందా. డాక్టరు రాసింది మొదటి కొన్నాళ్ళకే, ఆ తర్వాత షాపు మార్చి షాపుకి వెళ్ళి, అదే చీటీ మడత చిరిగిపోయేదాకా చూపించి, చివరికి చీటీ లేకుండా ఇచ్చే షాపు దొరికి. ఓనరమ్మ తిట్టలేదు. ఒక పూట పనికి వస్తే చాలంది, ఈ మెట్ల దాకా తనే తీసుకొచ్చి వదిలింది. ఇంట్లో చెప్పు అంది. చెబుతానంది. చెప్పలేదు.

ఎలా చెబుతుంది. ఆయన లిఫ్టులు బాగుచేసే మనిషి, పొద్దంతా చీకటి గొయ్యిలో వేలాడుతూ ఉంటాడు, అక్కడ ఫోను అందదు, అందినా ఇలాంటి మాట విని తాడు వదిలేస్తాడేమో అని భయం. ఇక వదిన. ఆయన అక్క. పిల్లని చూసుకోవడానికని వచ్చి, పిల్లనీ, పిల్ల తల్లినీ, వంటింట్లో డబ్బాలనీ, అన్నిటినీ తన పద్ధతిలోకి తిప్పేసిన మనిషి. "మీ ఆవిడ నిద్రమొహంది రా, నిలబడే కునుకు తీస్తుంది" అని తమ్ముడితో ఆమె వింటుండగానే అంటుంది. షిఫ్టు మారింది వదినా, ఇంక పొద్దున్నే వెళ్ళాలి అంటే, "వెళ్ళు తల్లీ, నువ్వు లేకపోతేనే ఇది నాలుగు ముద్దలు తింటుంది" అంది. అది ఎత్తిపొడుపో మంచితనమో ఇప్పటికీ తెలియదు. వదిన మాటలు అన్నీ అంతే, తిరగేసి చూస్తే గానీ ఏ వైపు సీదానో తెలియదు. ఈ పొద్దున కూడా. ఈ పొద్దున ఏమంది. గుమ్మంలో చెప్పులు వేసుకుంటుంటే ఏదో అంది. చలి గురించి. ఈ గదిలో కూడా చలిగానే ఉంది, ఏసీ ఎవరు పెంచారు, పళ్ళ డాక్టరు గురక ఆగి మళ్ళీ మొదలైంది, సిరప్ నాలుక వెనక చేదుగా గడ్డకట్టింది, నిద్ర వచ్చేలా ఉంది, రానివ్వకూడదు.

చెయ్యి దుప్పటి మూల దగ్గర ఆగింది. తేలిపోయిన దారం అక్కడ చిక్కుపడి ఉండ కట్టింది, చిన్న ఉండ, వేళ్ళ మధ్య అటూ ఇటూ దొర్లుతోంది. గుండ్రంగా. మెత్తగా. పైన మెత్తగా, లోపల. లోపల ఏమీ లేదు, ఒట్టి దారం. మరి చేతికెందుకు లోపల ఏదో ఉండాలనిపిస్తోంది. వాన పడుతోంది. ఇక్కడ కాదు, అప్పుడు. కిటికీ మూసి ఉంది, పాప ఉయ్యాలలో, తల ఇంకా నిమ్మకాయంత, ఒళ్ళో పసుపు పచ్చ గుడ్డ, నూగు గుడ్డ, వర్క్‌షాపులో మిగిలిన ముక్క. ఉండలు చేస్తోంది. దేనికి ఉండలు. తాడు చివర ఉండలు, గుడ్డ గుండ్రంగా కోసి, చుట్టూ టాకాలు వేసి, మధ్యలో దూది పెట్టి, దారం లాగితే మూతి ముడుచుకుని ఉండ అవుతుంది. ఒక అరచేతిలో దూది, ఒక అరచేతిలో మాత్ర, ఇంకా వేసుకోలేదు, వేసుకుందామనే లోపు మెట్ల మీద ఆయన చెప్పుల చప్పుడు. చెయ్యి ఆలోచించలేదు. మాత్ర దూదిలోకి, దూది గుడ్డలోకి, దారం లాగి, ముడి. ఆయన లోపలికొచ్చి తల తుడుచుకుంటూ ఏం కుడుతున్నావంటే, మన బుడంకాయకి కుల్లాయి అంది. ఆయన దాన్ని తన మోకాలికి తొడిగి చూసుకుని, "ఇది పిల్లకా, నాకా? ఇంత తలకాయ దీనికెప్పుడొస్తుంది?" అన్నాడు. వచ్చే చలికాలానికి వస్తుందిలే అంది. ఇద్దరూ నవ్వారు. మడత పెట్టి పై అరలో పెట్టింది.

వచ్చే చలికాలం. వచ్చింది. పొద్దున గుమ్మంలో వదిన అన్నది అదే, "చలి కోస్తోంది, దీని చెవులు కప్పేది ఏమైనా ఉందా ఇంట్లో?" ఆమె చెప్పు పట్టీ బిగించుకుంటూ, తలెత్తకుండానే, పై అరలో పసుపు పచ్చ కుల్లాయి ఉంది చూడు వదినా అంది. తనే అంది. తన నోటితోనే. పాపకి కింది చిగురు ఉబ్బి పళ్ళొస్తున్నాయి, ఏది అందితే అది నములుతోంది, గడ్డం కింద రెండు ఉండలు వేలాడుతూ, కరెక్టుగా నోటికి అందేంత తాళ్ళు, తాళ్ళ పొడుగు కూడా తనే కొలిచి కోసింది.

దుప్పటి కాళ్ళకి చుట్టుకుంది, కుర్చీ ఎదురుతన్నింది, పెద్ద సిస్టరు, "ఏమ్మా, బాత్రూమా?" అంటోంది, గది అటుపక్కకి వాలుతోంది. ఫోను. ఫోను కావాలి సిస్టర్. "పడక గంట కానీ. అందరికీ ఇప్పుడే ఇళ్ళు గుర్తొస్తాయి. మొన్నొకాయన వాళ్ళావిడకి జ్వరమని ఫోన్ తీసుకుని మందుల షాపుకి చేశాడు." మాటలు చాలా ఉన్నాయి, వరసలో రావడం లేదు, కుల్లాయి, వాన, దూది, ఏది ముందు చెప్పాలి. పాప నోట్లో మాత్ర ఉంది సిస్టర్, నేనే కుట్టాను. సిస్టరు ఇంకేమీ అడగలేదు, సంచిని బల్ల మీద బోర్లించింది, ఫోన్లన్నీ చెల్లాచెదురై ఒకటి కింద పడింది.

"ఏంటి, డ్యూటీలో ఫోన్ ముట్టుకోనివ్వరన్నావు?" వదిన గొంతు మామూలుగా ఉంది.

"పాప ఏం చేస్తోంది వదినా?"

"రాజ్యమేలుతోంది. ఇప్పటిదాకా నన్ను ఆడించింది."

"కుల్లాయి పెట్టావా?"

"పెట్టాను. దొరసానిలా ఉంది. ఆ ఉండలు రెండూ చప్పరించి చప్పరించి ముద్ద చేసింది, ఆ పనిలో ఉందనే నేను కాస్త నడుం వాల్చాను."

చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి. సిస్టరు ఎదురుగా నిలబడి చూస్తోంది. నోరు తెరిస్తే వచ్చింది వేరే, "అందులో సూది ఉండిపోయింది వదినా, తీసెయ్, ముందు తల మీంచి తీసెయ్."

"సూదా! పసిపిల్ల బట్టలో సూది పెడతావటే, నీ కుట్లు మండిపోను!" ఫోను దేని మీదో టక్కున పడింది, అడుగులు దూరంగా వెళ్ళాయి. ఎంత చక్కగా వచ్చింది అబద్ధం. కొలత తీసి కోసినట్టు. కుట్టుపని చేసే మనిషి ఇంట్లో సూది ఉండిపోవడం కంటే నమ్మకమైనది ఏముంది, పిల్ల తల మీంచి అది తీసేస్తారు, మాత్ర సంగతి ఎవరికీ తెలియదు, సాయంత్రం వెళ్ళి ఆ ఉండలు కోసి పారేస్తే సరి, ఆయనకి తెలియదు, వదినకి తెలియదు, అందరి పరువూ అలాగే ఉంటుంది. తను సిస్టరు ముఖంలోకి చూడకుండా బల్ల అంచు చూస్తోంది. ఈ ఏడాదంతా ఇలాగే కదా, ప్రతిదానికీ ఒక సూది, భుజం పట్టేసింది, రాత్రి పాప నిద్రపోనివ్వలేదు, బస్సు రాలేదు, అన్నీ చక్కగా అమిరాయి.

వదిన తిరిగొచ్చింది. "సూదీ లేదు గీదీ లేదు. తీసి అంగుళం అంగుళం నొక్కి చూశాను. ఒక ఉండలో గట్టిగా ఏదో తగిలితే అదేనేమో అనుకున్నాను, కాదు, దూది గడ్డకట్టింది అంతే. తీస్తే ఒకటే ఏడుపు, మళ్ళీ కట్టేశాను. అది నోట్లో పెట్టుకుంటే గానీ ఊరుకోదే, ఇదిగో, పెట్టుకుంది, కళ్ళు మూతలు పడుతున్నాయి. ఇంక ఉంటాను, మళ్ళీ చేసి లేపకు."

"వదినా, పెట్టెయ్యకు. సూది కాదు. మాత్ర. నా మాత్ర, నేను మింగేవి, దాచుకోవడానికి అందులో పెట్టి కుట్టాను. నేను డ్యూటీలో లేను వదినా, మాత్రలు మానిపించే చోట ఉన్నాను, రోజూ ఇక్కడికే వస్తున్నాను. తర్వాత తిట్టు, ఎంత కావాలంటే అంత తిట్టు, ముందు దాని నోట్లోంచి తియ్యి, కత్తెర తీసుకో."

పళ్ళ డాక్టరు గురక ఆగిపోయింది, బ్యాంకాయన లేచి కూర్చున్నాడు, గదిలో అందరూ కుర్చీల్లో నిటారుగా కూర్చుని ఆమె చేతిలోని ఫోను వైపే చూస్తున్నారు. ఫోనులో కత్తెర చప్పుడు వినిపించింది. అది తన కత్తెరే, ఆ చప్పుడు ఎక్కడున్నా గుర్తుపడుతుంది.

"ఒకదాన్లో ఉంది." వదిన గొంతు మారిపోయింది, ఎవరో చిన్నపిల్ల మాట్లాడుతున్నట్టుంది. "ఒక పక్క కరిగి ముద్దయింది. రెండోదాన్లో దూదే ఉంది, తడి దూది. ఇందులోనూ పెట్టావా? ఏయ్, పలకవేం, ఇందులోనూ పెట్టావా?"

వాన పడుతోంది. కిటికీ మూసి ఉంది. ఒక ఉండ. ఒక ఉండ చేస్తుంటే ఆయన వచ్చాడు. అది మొదటిదా, రెండోదా. మొదటిదైతే రెండోది ఆయన ఎదురుగానే కుట్టి ఉండాలి, ఆయన ముందు మాత్ర పెట్టదు. రెండోదైతే మొదటిది అంతకు ముందే, ఒంటరిగా ఉన్నప్పుడే కుట్టింది, పెట్టిందేమో, పెట్టకుండా ఎందుకుంటుంది, అప్పట్లో ఏది కుట్టినా పెట్టేది. కుడిదా ఎడమదా. అన్నీ ఎడమవే. చెయ్యి, నువ్వు చెప్పవే. లేదు అని చెబితే వదిన గుండె కుదుటపడుతుంది, పిల్లని పడుకోబెడుతుంది. లేదు అనే మాట నాలుక చివరే ఉంది, ఎన్నిసార్లు అని ఉంటుంది ఆ మాట.

"గుర్తులేదు వదినా. పెట్టే ఉంటాననుకో. పెట్టాననే అనుకో."

సిస్టరు ఫోను లాక్కుంది. "అమ్మా, నేను నర్సుని. పాపని లేపండి. నిద్రపోతే పోనీ అనుకోకండి, లేపండి. నోట్లో వేలు పెట్టి చూడండి. పాలు, నీళ్ళు ఏమీ పట్టొద్దు. దగ్గర్లో పిల్లల ఆసుపత్రి ఉందా? ఆ కుల్లాయి, ఆ మాత్ర, అన్నీ పట్టుకుని ఇప్పుడే బయల్దేరండి, దారంతా దానితో మాట్లాడుతూనే ఉండండి. సిగ్గుపడి ఏదీ దాచకండి అక్కడ, అంతా చెప్పండి." తర్వాత ఫోను ఆమె చెవికి ఆనించింది. అవతల వదిన అరుస్తోంది, లేవే, నా తల్లి కదూ, లేవే బుడంకాయా, లే. తర్వాత ఏమీ లేదు. తర్వాత మళ్ళీ లేవే. తర్వాత ఏడుపు. సన్నగా, చిరాగ్గా, నిద్రలోంచి లాగితే వచ్చే ఏడుపు. ఇంత మంచి చప్పుడు ఆమె పుట్టాక వినలేదు.

"వింటున్నావా? ఏడుస్తోంది," అంది వదిన, రొప్పుతూ, మెట్లు దిగుతోంది కాబోలు. "నిన్ను ఏమనాలో నాకు తెలియడం లేదు, తర్వాత అంటాను. చెప్పావు కాబట్టి లేపాను. నువ్వు ఇంకా సూదీ సూదీ అంటూ కూర్చుంటే జోకొట్టేదాన్నే, తెలుసా?" ఫోను ఆగిపోయింది.

తెలుసు. ఇప్పుడు టాక్సీ వెనక సీట్లో ఆ ఒక్కటే తెలుసు, ఇంకేదీ తెలియడం లేదు. బ్యాంకాయన తన కారు తీస్తానన్నాడు, "సిరప్ తాగినవాళ్ళు నడపకూడదు, కూర్చోండి" అని సిస్టరు కసిరితే, చెప్పుల్లేకుండా మెట్లు దిగి వెళ్ళి రోడ్డుకి అడ్డంగా నిలబడి టాక్సీ ఆపాడు, తనూ ముందు సీట్లో ఎక్కాడు. ఆయన బ్యాంకు ముందు నుంచే వెళుతున్నారు, మెట్ల మీద ఎవరో ఆయన్ని చూసి చెయ్యెత్తారు కూడా, ఆయన తల దించుకోలేదు, "తొందరగా పోనీ బాబూ" అన్నాడు. పోవడానికి దారి లేదు. ముందు లారీ, లారీ ముందు బస్సు. వదినకి చేస్తోంది, మోగుతోంది, ఎత్తడం లేదు. చేతిలో పిల్ల ఉంటే ఎలా ఎత్తుతుంది, ఎత్తలేదు, అంతే. ఏడుపు విన్నది కదా, లేచింది కదా. కానీ తను కూడా మాత్ర వేసుకున్న వెంటనే పడిపోయేది కాదు, కాసేపు బాగానే మాట్లాడేది, నవ్వేది, ఆ తర్వాతే. కుడిదా, ఎడమదా. పాప వాళ్ళ నాన్నకి చేసింది, అందలేదు, ఆయన ఎక్కడో చీకట్లో వేలాడుతున్నాడు, పైకి వచ్చాక చెప్పాలి, అంతా చెప్పాలి. మోగుతోంది. ఎత్తడం లేదు. బస్సు అంగుళం కదిలి ఆగింది.

ఆమె చేరేసరికి ఇంకా టైము పట్టేలా ఉంది. చదువుతున్న మీరు వదిన వెళ్ళిన ఆ పిల్లల ఆసుపత్రికి దగ్గర్లో ఉంటే ఒక్కసారి లోపలికి వెళ్ళి చూడండి. వరండాలో ఒక పెద్దావిడ ఉంటుంది, జుట్టు ముడి ఊడిపోయి, ఒక చేత్తో కోసిన కుల్లాయి పట్టుకుని, ఎవరు కనిపిస్తే వాళ్ళతో నోరు పెట్టుకుంటూ ఉంటుంది. ఆవిడ భుజం మీద పాప ఉంటుంది. పాప ఏడుస్తుంటే ఏడవనివ్వండి. పడుకుని ఉంటే మాత్రం, ఎవరి పిల్లో మనకెందుకని ఊరుకోకండి, లేపండి.